బియ్యపు గింజంత ఎడం

మా ఆయన ట్రాక్టరు మెకానిక్కు. చిలకలూరిపేట దాటాక చీరాల రోడ్డు మీద మా ఇల్లు, ఇంటి ముందే రేకుల షెడ్డు. ముప్ఫై ఏళ్ళు ఆ షెడ్డులోనే పనిచేశారు. ఒక కార్తీకమాసం పొద్దున పళ్ళు తోముకుంటూ పంపు దగ్గర పడిపోయారు. గుంటూరు ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు ఉంచి ఇంటికి పంపించారు. కుడి చెయ్యీ కుడి కాలూ చచ్చుబడ్డాయి. కాలు కొంత తిరిగొచ్చింది. కర్ర ఊతంతో గుమ్మందాకా, ఆ తర్వాత షెడ్డుదాకా నడవగలిగారు. చెయ్యి మాత్రం రాలేదు. మాట కూడా పోయింది, ఒక్కటి తప్ప.

మిగిలిన మాట ‘ఉండు’.

అదే ఎందుకు మిగిలిందని డాక్టరు గారిని అడిగాను. కొంతమందికి అలా ఏదో ఒక మాట నిలిచిపోతుందనీ, మనసులో ఏం అనుకున్నా నోటికి ఆ మాటే వస్తుందనీ చెప్పారు. వినడం, అర్థం చేసుకోవడం అన్నీ మామూలుగానే ఉన్నాయట. “ఆయనకి అన్నీ తెలుస్తాయమ్మా. చెప్పలేరు, అంతే,” అన్నారు. ఆ ముక్క ఆసుపత్రి వరండాలో నిలబడి విన్నాను, తలూపాను. నిజంగా బుర్రకెక్కడానికి చాలా రోజులు పట్టింది.

ఇంటికొచ్చాక దాహమైనా ఉండు, అన్నం చాలన్నా ఉండు, భుజం సలిపినా ఉండు. మొదటి నెలంతా ఆయన ఆ మాట అనగానే చేస్తున్న పని ఆపేసి దగ్గరకెళ్ళి కూర్చునేదాన్ని. నీళ్ళా, దుప్పటా, పక్కకి తిప్పాలా అని అడిగేదాన్ని. రోజుకి వంద సార్లు అలా అడిగే ఓపిక ఎవరికుంటుంది? నాలుగు నెలలయ్యేసరికి ఆ మాట వినడం మానేశాను. పక్కగదిలో మనిషి దగ్గితే ఎంత పట్టించుకుంటామో అంతే పట్టించుకునేదాన్ని.

షెడ్డులో పనిచేసే ఇద్దరూ చెరొక చోట చేరిపోయారు. షట్టరు దించేసి ఉంచాం. మిరప కోతలు అయిపోవస్తున్న రోజుల్లో, ఒక ఉదయం మార్టూరు వైపు రైతు ఒకాయన తన బండి తోలుకొచ్చి మా గుమ్మం ముందు ఆపాడు. మా ఆయన దగ్గర ఇరవై ఏళ్ళుగా పని చేయించుకుంటున్న మనిషి. మిరప, పత్తి మానేసి పొలమంతా సుబాబుల్ వేశాడు. చుట్టుపక్కల తోటల్లో ముఠా కూలీలు కొట్టిన కర్రని రోడ్డు మీదికి లాగించే పని కూడా అతనే చేయించేవాడు. నల్లరేగడి నేల కాస్త తడిసిందంటే లారీ లోపలికి దిగదు. దుంగల్ని కట్టగట్టి రోడ్డుదాకా ఈడ్చుకు రావాల్సిందే. అందుకోసం ఒక ముసలి ట్రాక్టరు వెనక ఇనుప తాడు చుట్టే డ్రమ్ము బిగించి ఇచ్చింది మా ఆయనే. డ్రమ్మూ, దాని గొలుసూ, పళ్ళచక్రాలూ అన్నీ పాత ఇనుప కొట్లో ఏరి తెచ్చినవే. ఆ బండికి బొమ్మా లేదు, పుస్తకమూ లేదు. అంతా ఆయన తలలోనే ఉంది.

“వదినా, అన్నని చూసిపోదామని వచ్చా,” అన్నాడు రైతు. కాసేపు మా ఆయన పక్కన మంచం పట్టె మీద కూర్చున్నాడు. తర్వాత నావైపు తిరిగి అసలు సంగతి చెప్పాడు. “వెనకమాల ఆయిలు కారుతోంది. పోసిన రెండ్రోజులకే గేరుబాక్సు ఖాళీ. ఇద్దరికి చూపించా. అన్న కట్టింది మేం విప్పితే మళ్ళీ బిగించలేం అన్నారు. ఏం చేయాలో పాలుపోక ఇట్టా వచ్చా. అన్న చూసి ఇది అని వేలు పెట్టి చూపిస్తే చాలు.”

అతనింకా మాట్లాడుతుండగానే మా ఆయన కర్ర అందుకుని లేచారు. చెప్పులు కూడా వేసుకోలేదు. బండి వెనక్కి వెళ్ళి, ఎడంచెయ్యి డ్రమ్ము కిందికి పోనిచ్చి తీశారు. వేళ్ళకంటిన ఆయిలు వాసన చూశారు. బొటనవేలితో రుద్ది చూశారు. చివరికి కర్రతో ఒకచోట తట్టారు. గేరుబాక్సులోంచి డ్రమ్ముకి తిప్పుడు అందించే షాఫ్టు బయటికి వచ్చే చోటు అది. అక్కడ ఆయిలు బయటికి రాకుండా షాఫ్టుని చుట్టి ఉండే రబ్బరు కట్టు, ఆయిల్ సీలు, పోయిందని ఆయన చెప్పడం. అది నాకూ అర్థమైంది, రైతుకీ అర్థమైంది.

అయిదు నెలల్లో ఆయన ముఖం అలా వెలగడం చూసింది అప్పుడే. అందుకే నోరు జారాను. “మీరు చూపిస్తుంటే నేను విప్పుతానండీ,” అన్నాను.

పూర్తిగా తెలియని పనేం కాదు. పెళ్ళైన కొత్తలో షెడ్డులో మనుషుల్లేనప్పుడు విప్పిన సామాన్లు డీజిల్లో కడిగి, వరసగా గోనెపట్టా మీద పేర్చింది నేనే. ఏ నంబరు స్పానరు ఎలా ఉంటుందో తెలుసు. ఏ బోల్టు ఎటు తిరుగుతుందో తెలుసు. రైతు నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు. ఆయన “ఉండు” అన్నారు. సరే అన్నారని మేమిద్దరం అనుకున్నాం.

ఆ రోజు షట్టరు ఎత్తాం. రోడ్డు మీద మిర్చి బస్తాల లారీలు గుంటూరు వైపు పోతుంటే ఘాటుకి ముగ్గురం దగ్గుతూనే పని మొదలుపెట్టాం. ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టాను. ఆయిలు దించాం. డ్రమ్ము గొలుసు ఊడదీయడానికే మధ్యాహ్నం దాటింది. బరువైనవి రైతు ఎత్తాడు, బోల్టులు నేను తిప్పాను. తప్పు స్పానరు పట్టుకుంటే ఆయన కర్రతో ఇనుము మీద టకటకా కొట్టేవారు. సరైనది పట్టుకునేదాకా కొడుతూనే ఉండేవారు. ఒకసారి నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు. మూతి ఒక పక్కకే వెళ్ళింది గానీ నవ్వే అది.

షాఫ్టు చుట్టూ ఉండే ఇనప మూత ఊడి చేతికొచ్చింది. దాని మధ్యలో పాత సీలు ఎండిన తోలులా గట్టిపడిపోయి ఉంది. దాన్ని గూటంతో కొట్టి బయటికి తీశాను. అప్పుడు ఆయన స్టూలు మీంచి లేచొచ్చి, ముందుకు వంగి, షాఫ్టు మీద ఎడమ బొటనవేలి గోరు పెట్టి నెమ్మదిగా జరిపారు. గోరు ఒకచోట ఆగింది. నావైపు చూశారు. నా చెయ్యి పట్టుకుని నా వేలు కూడా అక్కడే పెట్టించారు. చేతికి ఏదో తగిలినట్టే ఉంది. మడ్డి అంటుకుందేమో, తుడవమంటున్నారనుకున్నాను. గుడ్డ తీసుకుని షాఫ్టు తళతళలాడేలా తుడిచాను. “చాలా?” అని అడిగాను. ఆయన మళ్ళీ గోరు పెట్టారు. నేను మళ్ళీ తుడిచాను.

మర్నాడు పాత సీలు సంచిలో వేసుకుని పేటలో కొట్టుకెళ్ళి దాని జోడు తెచ్చాను. దాని ఒక ముఖాన సన్నని స్ప్రింగు చుట్టి ఉంటుంది. ఆ ముఖం ఆయిలు ఉండే వైపుకి ఉండాలి. నేను తిరగేసి పెట్టబోతే ఆయన నా చేతిలోంచి లాక్కుని సరిగా తిప్పి ఇచ్చారు. అది తెలిసింది. మూతని పలక మీద పెట్టి, సీలుని దాని గూట్లో నిలిపి, పైన చెక్కముక్క ఆనించి సుత్తితో మెల్లగా కొట్టడం మొదలుపెట్టాను. చుట్టూ సమంగా దిగాలి. ఆ సంగతి నాకు తెలుసు, ఎన్నోసార్లు చూసిందే. కొంచెం దిగింది, ఇంకొంచెం దిగింది.

“ఉండు,” అన్నారు.

తలెత్తి చూశాను. ఎడంచేతి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి, మధ్యలో బియ్యపు గింజంత ఎడం చూపిస్తున్నారు.

“ఏంటండీ? కొంచెం గ్రీజా?” అన్నాను. డబ్బాలోంచి గ్రీజు తీసి సీలు అంచుకి రాశాను. ఆయన తల అడ్డంగా ఊపారు. “ఉండు, ఉండు,” అన్నారు, ఈసారి గట్టిగా. వేళ్ళు అలాగే ఉన్నాయి.

“మంచినీళ్ళు కావాలేమో వదినా,” అన్నాడు రైతు.

నడుం లాగేస్తోంది. ఎండ రేకుల్లోంచి దిగి నెత్తి మీద కూర్చుంది. పక్కన పరాయి మనిషి చూస్తున్నాడు, పని పాడవుతుందేమోనని భయం. పైగా పొద్దుట్నుంచీ ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. “ఉంటాలెండి, అయిపోవచ్చింది,” అన్నాను. ఇంకో నాలుగు దెబ్బలు వేశాను. సీలు అడుగుకి ఆనిన చప్పుడు వినిపించింది. గూడు అంచుకి సమంగా, కొత్త గాజులా కూర్చుంది. నా చేతి పని నాకే ముచ్చటేసింది.

ఆయన వేళ్ళు దించేశారు. రోడ్డు వైపు తిరిగి కూర్చున్నారు. అలసిపోయారనుకున్నాను.

సాయంత్రానికి అన్నీ బిగించి కొత్త ఆయిలు పోశాం. రైతు బండి స్టార్ట్ చేసి, డ్రమ్ము తిప్పి, కింద పాత న్యూస్‌పేపరు పరిచి చూశాడు. చుక్క లేదు. “నువ్వు కూడా మెకానిక్కువే వదినా,” అన్నాడు. “చూశావా అన్నా, నీ పని ఆగదు,” అని మా ఆయన భుజం తట్టాడు. ఆయన పేపరు వైపు చూడలేదు. నాకు లోపల కోపం వచ్చింది. ఇంత చేస్తే ఒక్కసారి చూడకూడదా అనుకున్నాను. అన్నం పెడితే రెండు ముద్దలు తిని మొహం తిప్పుకున్నారు. నేనూ బతిమాలలేదు.

నాలుగో రోజు రైతు ఫోన్ చేశాడు. “కొంచెం కారుతోందిలే వదినా. ఖాళీగా తిరిగితే ఏం లేదు, కర్ర లాగినప్పుడే వస్తోంది. నువ్వేం అనుకోకు. గుంటూరు ఆటోనగర్లో ఒక పెద్దాయన ఉన్నాడంట, అక్కడికి తీసుకెళ్తా,” అన్నాడు. ఆ మాట మా ఆయనకి చెప్పలేదు. ఎలా చెప్పను?

తర్వాతి వారం మందులకి గుంటూరు వెళ్ళినప్పుడు, ఆసుపత్రి దగ్గర ఆటో ఎక్కి ఆటోనగర్ వెళ్ళాను. ఎక్కడ తప్పు చేశానో తెలుసుకోకపోతే నిద్ర పట్టేలా లేదు. బండి ఒక షెడ్డు ముందు విప్పి ఉంది. రైతు కూడా అక్కడే ఉన్నాడు. మెకానిక్కు బాగా పెద్దవాడు, కళ్ళజోడుకి దారం కట్టుకున్నాడు. ఆయనకి నేనెవరో రైతు చెప్పలేదు. ఆయిలు ఎందుకు కారిందని నేనే అడిగాను.

“ఇట్టా రా అమ్మా, ఇక్కడ చెయ్యి పెట్టు,” అని షాఫ్టు చూపించాడు. “ఏం తగుల్తోంది?”

“మడ్డి,” అన్నాను.

“మడ్డి కాదు, గాడి. ఇన్నేళ్ళూ సీలు ఒక్కచోటే రాసుకుని రాసుకుని ఇనుముని తినేసింది. కొత్త సీలు అడుగుదాకా కొడితే దాని అంచు పోయి సరిగ్గా ఈ గాట్లోనే పడుద్ది. ఎంత కొత్తదైనా పట్టు చిక్కదు. షాఫ్టు మార్చాలంటే ఈ బండికి దొరకదు. అప్పుడేం చేయాలంటే, అడుగుదాకా దించకుండా కాస్త ఎడం వదలాలి. అంచు నున్నటి చోట కూర్చుంటది.” ఎంత వదలాలో చేత్తో చూపించాడు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి, మధ్యలో బియ్యపు గింజంత ఎడం.

నేను ఆ వేళ్ళనే చూస్తూ నిలబడిపోయాను.

“ఇది బిగించినాయనకి పని రాక కాదు. చుట్టూ సమంగానే దించాడు. గాడి చూసుకోలా, అంతే. ఎవరు చేశారు?” అన్నాడు.

రైతు తల దించుకున్నాడు. “నేనేనండీ,” అన్నాను. “మా ఆయన చెప్పారు. నేనే వినలేదు.”

అక్కడ ఒక టైరు ఉంటే దాని మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. పెద్దాయన పని ఆపేసి మంచినీళ్ళు తెప్పించాడు. రైతు నాతో పాటు బస్టాండుదాకా వచ్చాడు. దారిలో ఒక్క మాటే అన్నాడు, “నేను కూడా నీళ్ళనుకున్నా కదా వదినా.”

ఇంటికొచ్చేసరికి మా ఆయన గుమ్మంలో కుర్చీలో ఉన్నారు. చేతిసంచి కింద పెట్టి ఆయన ముందు నేల మీద కూర్చున్నాను. రెండు వేళ్ళూ ఆయన చూపించినట్టే చూపించాను. “ఇంత ఎడం వదలమన్నారు. షాఫ్టు మీద గాడి పడింది, చూడమన్నారు. నేను గుడ్డ పెట్టి తుడిచాను. మీరు ఉండమంటే ఉండలేదు,” అన్నాను.

ఆయన నా వేళ్ళనే చాలాసేపు చూశారు. తర్వాత ఏడ్చారు. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదులుతూ, చాలాసేపు ఏడ్చారు. నేను తప్పు చేశానని కాదు ఆ ఏడుపు. చెప్పింది ఎవరికో ఒకరికి అందినందుకు అనిపించింది. అది నేననుకున్నదే, నిజంగా ఎందుకో ఆయనకే తెలుసు.

ఆ రోజు నుంచి నా బుర్రలో ఒకటే తిరిగేది. ఆ ఒక్క సంగతీ వేరే మెకానిక్కు దగ్గరికి పోయింది కాబట్టి బయటపడింది. మిగతావన్నీ ఏమయ్యాయి? ఆ నెలల్లో ఆయన ఏమేం చెప్పారో, నేను దేన్ని దేనిగా అనుకున్నానో. దుప్పటి కప్పితే తోసేసిన రోజులున్నాయి, కోపం అనుకున్నాను. గోడ వైపు చెయ్యి చాపిన రోజులున్నాయి, ఊరికే అనుకున్నాను.

ఇక పని పక్కన పెట్టి కూర్చోవడం మళ్ళీ మొదలుపెట్టాను. ఒక్కొక్కటే అడిగేదాన్ని. కాదంటే తల అడ్డంగా, ఔనంటే కళ్ళు మూసి తెరిచేవారు. చాలాసార్లు ఏమీ తేలేది కాదు. ఇద్దరం విసిగిపోయి వదిలేసేవాళ్ళం. కానీ కొన్ని దొరికాయి. టీవీ గట్టిగా పెడితే తలలో మోత. పక్కింటివాళ్ళు చూడటానికొస్తే కుర్చీలో కాదు, మంచం మీద పడుకుని ఉండాలి, కూర్చుంటే ఒక పక్కకి ఒరిగిపోవడం వాళ్ళు చూస్తారు. ఇవి అయిదారు నెలలుగా ఆయన పడుతున్నవే.

రోజూ సాయంత్రం చీరాల వెళ్ళే బస్సు మా ఇంటి ముందు పోతుంది. అది పోయేటప్పుడు ఆయన ఎడంచెయ్యి ఎత్తేవారు. డ్రైవరు తెలిసినవాడు, అతను కూడా హారన్ కొట్టేవాడు. నేనూ అంతే అనుకున్నాను. వైశాఖంలో ఒక సాయంత్రం చెయ్యి ఎత్తిన తర్వాత ఆయన కళ్ళు తుడుచుకోవడం కనిపించి పక్కన కూర్చున్నాను. “బస్సు ఎక్కాలనుందా?” కాదు. “చీరాలలో ఎవరైనా?” కళ్ళు మూసి తెరిచారు. అక్కడ పనిచేసిన పాత నేస్తాల పేర్లన్నీ చెప్పాను. కాదు, కాదు. నాకు తోచిన పేరు ఇంకొకటుంది గానీ అనడానికి నోరు రాలేదు. ఆ మనిషి పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని ఆయనే అన్నారు.

“చెల్లెలా?” అన్నాను చివరికి.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఎడంచేతిలో అంత బలం ఉందని నాకు తెలియదు.

చీరాల పక్కనే వేటపాలెంలో ఉంటుంది మా ఆడపడుచు. జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచే పని. ఆరేళ్ళ కిందట మా అత్తగారు ఆమె ఇంట్లోనే పోయారు. ఆ పొద్దున ఈయన ఎవరిదో ట్రాక్టరు కింద పడుకుని ఉన్నారు, ఫోను కొక్కేనికి తగిలించిన చొక్కా జేబులో ఉండిపోయింది. చెల్లెలు ఎన్నిసార్లు చేసినా తెలియలేదు. తెలిసి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. తన తప్పు ఒప్పుకోలేక, కబురు పంపలేదని ఆమెని అందరి ముందూ అనరాని మాటలన్నారు. ఆమె తిరిగి ఒక్క మాటా అనలేదు. మళ్ళీ మా గడప తొక్కలేదు. ఈయనకి పక్షవాతం వచ్చినప్పుడు కూడా నేను కబురు చేయలేదు. ఆయనకి ఇష్టం ఉండదనుకున్నాను.

మర్నాడు ఫోన్ చేస్తే ఆ సాయంత్రానికే వచ్చేసింది. ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, జీడి రసానికి వేళ్ళన్నీ నల్లగా పొలుసులు లేచి ఉన్నాయి. గుమ్మం దగ్గరే ఆగి, “రావచ్చా వదినా?” అంది. నేను పక్కకి తప్పుకుని దారిచ్చాను. ఆమె మంచం దగ్గరకెళ్ళి, “ఏం అన్నయ్యా, చిక్కిపోయావే,” అంది. నిన్న కాక మొన్న చూసిన మనిషిలా అంది. ఆయన ఆ నల్లటి వేళ్ళని తీసుకుని తన ఛాతీ మీద పెట్టుకున్నారు. ఏదో అనబోయారు. వచ్చేది ఆ ఒక్క మాటే గదా, అది అనకుండా పెదవులు బిగించుకున్నారు.

తర్వాత ప్రతి ఆదివారం వచ్చేది. ఆయనకి గడ్డం గీసేది, చిన్నప్పటి సంగతులు చెప్పేది. ఆయన వినేవారు. అలా పది పన్నెండు ఆదివారాలు గడిచాయో లేదో, శ్రావణంలో రెండోసారి వచ్చింది పక్షవాతం. గుంటూరు తీసుకెళ్తుంటే దారిలోనే పోయారు.

పెద్దకర్మ అయిన మర్నాడు చుట్టాలందరూ వెళ్ళిపోయాక ఆడపడుచూ నేనూ అరుగు మీద కూర్చున్నాం. “అన్నయ్య నా గురించి ముందెప్పుడైనా ఏమన్నా అన్నాడా వదినా?” అని అడిగింది.

ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. తను నమ్మేది కూడా. “అన్నారేమో తెలీదమ్మా,” అన్నాను. “నేను వినడం మొదలుపెట్టిందే ఆలస్యంగా.”

ఆమె చేతులకేసి చూసుకుంది. “నేనూ ఆరేళ్ళు ఫోన్ చేయలేదుగా,” అంది. తర్వాత లేచి వంటింట్లోకెళ్ళి ఇద్దరికీ టీ పెట్టింది.